మోరో బేలో ఆగుదామన్న ప్లాను మీద నా అభ్యంతరం

మా మిత్రుడొకడు ఈ అక్టోబరులో తన తెరచాప పడవని కాలిఫోర్నియా తీరం వెంబడి శాన్ ఫ్రాన్సిస్కో బే నుంచి శాన్ డియాగోకి తీసుకెళ్తున్నాడు. వాడు, వాళ్ళావిడ, వాడి ఆఫీసు స్నేహితుడు, నేను, మొత్తం నలుగురం. దారిలో ఆగాల్సిన రేవుల జాబితాని ఎక్సెల్ షీట్లో వేసి మొన్న అందరికీ పంపించాడు. తర్వాత ఫోన్ చేసి, "చూశావా గురూ, ఎక్కడా 80 మైళ్ళు దాటకుండా లెక్కేశా. ప్రతి రాత్రీ ఏదో ఒక రేవులో హాయిగా పడుకోవచ్చు" అన్నాడు.

షీటు శ్రద్ధగా తయారుచేశాడు. హాఫ్ మూన్ బే, శాంతా క్రూజ్, మాంటరే, శాన్ సిమియన్, మోరో బే, కోహో, శాంతా బార్బరా, ఆపైన మిగతా దక్షిణాది రేవులు. వెనకటి రేవు నుంచి ఎన్ని నాటికల్ మైళ్ళు, గంటకి అయిదున్నర మైళ్ళ చొప్పున ఎంతసేపు పడుతుంది, డీజిల్ దొరుకుతుందా, స్నానానికి వసతి ఉందా, నడిచి వెళ్ళేంత దూరంలో తినడానికి ఏముంది, అన్నిటికీ గడులున్నాయి. ఒక్క గడి లేదు. తీరా ఆ రేవు ముందుకి చేరాక లోపలికి వెళ్ళే వీలు లేకపోతే ఏం చేస్తాం?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తీరం వెంబడి వెళ్ళేటప్పుడు మజిలీని దూరాన్ని బట్టో సౌకర్యాన్ని బట్టో ఎంచుకోకూడదు. అలలు పెద్దవిగా ఉన్నా, చీకటి పడినా లోపలికి వెళ్ళగలమా, మళ్ళీ మనకి కావలసిన వేళకి బయటికి రాగలమా అన్నదే మొదట చూడాలి. అలా చూస్తే, షీట్లో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న మోరో బే జాబితాలోంచి పోవాలి. దాని బదులు 20 మైళ్ళకి పైగా దిగువన ఉన్న పోర్ట్ శాన్ లూయిస్ రావాలి. అక్కడ సుఖం తక్కువని నాకు తెలుసు. అయినా ఈ మాట మీదే గట్టిగా ఉన్నాను.

మొగ ఉన్న రేవు, మొగ లేని రేవు

మాది కాకినాడ. మా ఊరి ముందు సముద్రం మిగతా తీరంతో పోలిస్తే ఎప్పుడూ నెమ్మదే. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ 16 కిలోమీటర్ల దాకా అడ్డంగా సాగి బంగాళాఖాతం అలల్ని బయటే ఆపేస్తుంది. పెద్ద ఓడలు ఎడంగా లంగరేసుకుని ఉంటే, బార్జీలు వాటి దగ్గరికి వెళ్ళి సరుకు ఎక్కించి వస్తుంటాయి. అదే కాస్త దిగువకి, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోటికి వెళ్తే వ్యవహారం వేరు. అక్కడ వేటకెళ్ళేవాళ్ళు గాలి గురించి మాట్లాడేదానికన్నా మొగ (నీళ్ళు సముద్రంలోకి తెరుచుకునే ఇరుకు నోరు) గురించే ఎక్కువ మాట్లాడతారు. పోటు మీద ఉందా (నీళ్ళు లోపలికి వస్తున్నాయా) పాటు మీద ఉందా (బయటికి తీస్తున్నాయా), ఇసుక మేట ఎటు జరిగింది, పొద్దున వచ్చిన బోటు ఏ పక్కనుంచి వచ్చింది. బందరు దగ్గర గిలకలదిండిలో మొగ పూడిపోయి, పోటు కోసం బోట్లు కాచుకుని ఉండే కష్టం ఆ వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రెండు మూడు రోజులు నడిసముద్రంలో వేట చేసొచ్చిన మనుషులు కూడా, ఇల్లు కనపడుతున్న ఆ చివరి అర మైలు దగ్గరే మాటలు ఆపేస్తారు.

కాలిఫోర్నియా మధ్య తీరంలో మోరో బే అలాంటి మొగ ఉన్న రేవు. 576 అడుగుల మోరో రాక్ పక్కన రెండు బ్రేక్‌వాటర్ల (అలల్ని ఆపే రాతి గోడల) మధ్యనుంచి సన్నటి దారి. లోపలికి వెళ్ళాక అంత ప్రశాంతమైన చోటు ఆ తీరంలో ఇంకోటి లేదనే చెప్పాలి. నీళ్ళు కదలవు, సీ ఆటర్లు పిల్లల్ని పొట్ట మీద పెట్టుకుని తేలుతుంటాయి, ఊరంతా ఒడ్డునే ఉంటుంది. కానీ దారిలో ఇసుక మేటవేస్తూనే ఉంటుంది. అమెరికా ఆర్మీ ఇంజనీర్ల డ్రెడ్జర్ దాదాపు ప్రతి ఏడాదీ వచ్చి తవ్విపోతుంది. ఉత్తర పసిఫిక్‌లో ఎక్కడో పుట్టిన తుఫాను అలలు, పొడవుగా, ఒకదానికీ ఇంకోదానికీ 15 సెకన్ల ఎడంతో వస్తాయి. లోతు నీళ్ళలో పడవ వాటి మీద నెమ్మదిగా లేచి దిగుతుంటే అవి ఉన్నట్టే తెలియదు. ఆ మేట దగ్గరికి రాగానే కింద నేల తగిలి అల నిలువుగా లేచి విరుగుతుంది. అదే సమయానికి పాటు నీళ్ళు బే లోంచి ఎదురు వస్తుంటే ఇంకా కోసుగా లేస్తుంది. కోస్ట్‌గార్డ్ హెచ్చరికలు ఇస్తుంది. మరీ ఎక్కువైతే దారి మూసేస్తుంది.

పోర్ట్ శాన్ లూయిస్‌లో మొగ లేదు. కొండ కొన దగ్గర 1890 నాటి లైట్‌హౌస్, దాని పక్కనుంచి మొదలయ్యే పాత రాతి బ్రేక్‌వాటర్, ఆ చాటున వెడల్పాటి అఖాతం. దక్షిణం వైపు మొత్తం తెరిచే ఉంటుంది. బయట వెస్ట్‌డాల్ రాక్ లాంటి రాళ్ళున్నాయి గానీ చార్టులో (సముద్రపు మ్యాపులో) ఉన్నాయి, గుర్తుగా నీళ్ళ మీద తేలే బోయ్‌లు ఉన్నాయి. లోతు చాలినంత ఉంది. వాయవ్యం నుంచి వచ్చే గాలీ, అలలూ ఎంత పెద్దవైనా ఇక్కడి దారి మూసుకుపోదు. నా దృష్టిలో ఇది కాకినాడ అఖాతం తరహా రేవు.

ఆ సాయంత్రం

కొన్నేళ్ళ కిందట నవంబరులో, డెబ్బై దాటిన ఒక పెద్దాయన పడవ మీద సహాయకుడిగా వెళ్ళాను. మాంటరే నుంచి బయలుదేరి, రాత్రంతా నడిపి, మర్నాడు సాయంత్రం నాలుగింటికి మోరో రాక్ ముందుకి చేరాం. గాలి లేదు. ఆకాశం నిర్మలంగా ఉంది. మూతపడిన పవర్ ప్లాంట్ పొగగొట్టాలు మూడూ ఎండలో స్పష్టంగా కనపడుతున్నాయి. మాకంటే ముందు ఒక చేపల బోటు నేరుగా లోపలికి వెళ్ళిపోయింది కూడా. ఇంకో అరగంటలో లోపల లంగరేసి వేడిగా ఏదైనా తిందామని అందరం అనుకుంటున్నాం.

పెద్దాయన రేడియోలో హార్బర్ పెట్రోల్‌ని పిలిచారు. వాళ్ళు చాలా మర్యాదగా చెప్పారు. పాటు జోరుగా ఉంది, అప్పుడప్పుడూ ఒక వరస పెద్ద అలలు దారికి అడ్డంగా విరుగుతున్నాయి, పోటు మొదలయ్యేదాకా ఆగడం మంచిదని. పోటు మొదలయ్యేసరికి చీకటి పడుతుంది.

ఆయన ఇంజన్ నెమ్మది చేసి, బయటి బోయ్ దగ్గర పడవని గుండ్రంగా తిప్పుతూ చూడమన్నారు. నేను చూశాను. నాకేమీ కనపడలేదు. నున్నటి, గుండ్రటి, బూడిదరంగు నీళ్ళు ఒడ్డు వైపు దొర్లిపోతున్నాయి అంతే. "బాగానే ఉన్నట్టుంది కదా" అన్నాడు మాలో ఒకడు. పెద్దాయన అలని చూడొద్దు, బ్రేక్‌వాటర్ కొనని చూడమన్నారు. మూడు నాలుగు నిమిషాలు ఏమీ లేదు. ఆ తర్వాత మా కింద నుంచి ఒక అల వెళ్ళింది. పడవ లేచి దిగింది, అంతకు ముందు వందసార్లు దిగినట్టే. అది ముందుకి వెళ్ళింది. కాసేపటికి బ్రేక్‌వాటర్ కొన కనపడకుండా పోయింది. దాని చోట తెల్లటి నీళ్ళు పైకి లేచి, అలా నిలబడి, తర్వాత కూలాయి. చప్పుడు ఇంకా ఆలస్యంగా వచ్చింది.

సముద్రం వైపు నుంచి చూసేవాడికి విరిగే అల వీపు మాత్రమే కనపడుతుంది. ముఖం ఒడ్డు మీద ఉన్నవాళ్ళకి కనపడుతుంది. ఈ ఒక్క సంగతి ఆ రోజు కళ్ళారా చూశాక, "ముందు అక్కడికి వెళ్ళి, చూసి నిర్ణయించుకుందాం" అనే మాట మీద నాకు నమ్మకం పోయింది. అక్కడికి వెళ్ళాక చూసేందుకు ఏమీ ఉండదు. ఉన్నా, మనం చూసేసరికి ఆ వరస అల వెళ్ళిపోయి ఉంటుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు.

పెద్దాయన ఇంకేమీ మాట్లాడకుండా చుక్కాని దక్షిణానికి తిప్పారు. దారిలో డయాబ్లో కాన్యన్ అణువిద్యుత్ కేంద్రం ఉంది. దాని చుట్టూ 2000 గజాల మేర పడవలు వెళ్ళకూడని ప్రాంతం, కాబట్టి ఇంకా ఎడంగా జరగాలి. పోర్ట్ శాన్ లూయిస్ చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. హార్ఫోర్డ్ పియర్ దీపాలు కళ్ళలో పడుతుంటే, టార్చి లైటు వేసి ఖాళీ మూరింగ్ బాల్ (పడవని కట్టుకోవడానికి నీళ్ళలో తేలుతుండే బంతి) వెతుక్కుని, కొక్కెం కర్రతో దాని తాడు అందుకున్నాం. రాత్రంతా పడవ పక్కకి ఊగుతూనే ఉంది. అల్మరాలో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకుంటుంటే లేచి మధ్యలో తువ్వాలు దూర్చాను. సీ లయన్లు తెల్లారేదాకా అరుస్తూనే ఉన్నాయి. నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆ రాత్రి నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు.

బయటికి వచ్చే వేళ మన చేతిలో లేదు

లోపలికి వెళ్ళడం గురించి అందరూ కొంతైనా ఆలోచిస్తారు. బయటికి రావడం గురించి ఆలోచించేవాళ్ళు తక్కువ. ఈ దారిలో అసలు చిక్కు అక్కడే ఉంది, ఎందుకంటే ముందున్నది పాయింట్ కన్సెప్షన్.

తీరం అక్కడ ఒక్కసారిగా తూర్పుకి తిరుగుతుంది. పైనుంచి దిగే వాయవ్య గాలి ఆ మూల దగ్గర బిగుసుకుని జోరందుకుంటుంది. మధ్యాహ్నం నుంచి పెరుగుతూ పోయి, అర్ధరాత్రి దాటాక తగ్గి, తెల్లవారుజామున అన్నిటికన్నా నెమ్మదిగా ఉండడం మామూలు. అందుకే ఆ మూల తెల్లవారేసరికి దాటేలా చూసుకోవడం ఇక్కడి పడవల వాళ్ళ అలవాటు. పోర్ట్ శాన్ లూయిస్ నుంచి అక్కడికి దాదాపు 50 మైళ్ళు. మా వేగానికి తొమ్మిది గంటలు. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్యన మూరింగ్ తాడు వదిలితే సరిపోతుంది. చీకట్లో బయలుదేరినా ఇబ్బంది లేదు, అఖాతం వెడల్పాటిది, మొగ లేదు.

మోరో బే నుంచైతే 70 మైళ్ళు, 13 గంటలు. అంటే సాయంత్రం నాలుగైదింటికల్లా మొగ దాటాలి. ఆ రోజు ఆ వేళకి పోటు ఉంటుందో పాటు ఉంటుందో పంచాంగం చెప్తుంది గానీ మన అవసరం చెప్పదు. పైగా అలలు పెద్దవై దారి మూస్తే ఒక రోజు, రెండు రోజులు లోపలే ఉండిపోవాలి. ఈలోపు కన్సెప్షన్ దగ్గర మంచి వాతావరణం వచ్చి వెళ్ళిపోతుంది. దూరపు అలలు పెద్దగా ఉండి, గాలి మాత్రం పడిపోయిన రోజులు ఈ తీరంలో కొత్త కాదు. నడిసముద్రంలో ఉన్నవాడికి అవి హాయిగా సాగిపోయే రోజులు. మోరో బే లోపల ఉన్నవాడికి గోడ.

దీనికి తోడు వాండెన్‌బర్గ్ ఉంది. పాయింట్ ఆర్గెయో చుట్టుపక్కలంతా రాకెట్ ప్రయోగాల స్థావరం. ప్రయోగం ఉన్న వేళల్లో ఆ ముందున్న సముద్రాన్ని పడవలకి మూసేస్తారు. ఆ ప్రయోగం ఒకరోజు వాయిదా పడితే మూసివేత కూడా మర్నాటికి జరుగుతుంది. కాబట్టి కన్సెప్షన్‌కి ముందు మజిలీ ప్రధానంగా కాచుకుని కూర్చునే చోటు. ఎప్పుడు వీలైతే అప్పుడు, అర్ధరాత్రి రెండింటికైనా సరే, లేచి వెళ్ళిపోగలిగేలా ఉండాలి.

ఇదంతా చెప్తే మావాడు, "వాతావరణ సూచనలు ఇప్పుడు ఎంత బావుంటున్నాయి, ముందే తెలిసిపోతుంది కదా" అన్నాడు. నిజమే. కేప్ శాన్ మార్టిన్ బయట ఉన్న 46028 నంబరు బోయ్ అలల ఎత్తు, వాటి మధ్య ఎడం ఎప్పటికప్పుడు చెప్తూనే ఉంటుంది, ఫోన్లో చూసుకోవచ్చు. అలలు అయిదడుగుల లోపు ఉండి, మధ్యాహ్నం పోటు మీద చేరేలా కుదిరితే మోరో బే లోపలికి వెళ్ళడానికి నాకేం అభ్యంతరం లేదు. స్థానికులు ఏడాది పొడవునా వెళ్ళి వస్తూనే ఉన్నారు. అయితే, "కుదిరితే మోరో బే, మామూలుగా పోర్ట్ శాన్ లూయిస్" అనుకుని బయలుదేరడానికీ, "మామూలుగా మోరో బే, కుదరకపోతే పోర్ట్ శాన్ లూయిస్" అనుకుని బయలుదేరడానికీ చాలా తేడా ఉంది. రెండో దాంట్లో, కుదరదని ఒప్పుకోవాల్సిన సమయానికి మనుషులు అలసిపోయి ఉంటారు, పొద్దు వాలుతుంటుంది, ఊరి దీపాలు కనపడుతుంటాయి. ఇంకో నాలుగు గంటలు చీకట్లో వెళ్దామనే మాట అప్పుడు ఎవరి నోటా రాదు. ఆ రోజు మా పెద్దాయన నోట వచ్చిందంటే ఆయన అనుభవం అది. మా నలుగురిలో ఎవరికీ అంత అనుభవం లేదు.

ప్లానులో రాసుకున్నది నిజమనే అనిపించడం ఎంత బలమైనదో చెప్పడానికి ఈ తీరంలోనే ఒక చరిత్ర ఉంది. 1923 సెప్టెంబరు 8 రాత్రి అమెరికా నౌకాదళానికి చెందిన డిస్ట్రాయర్ల దళం ఒకటి శాన్ ఫ్రాన్సిస్కో నుంచి శాన్ డియాగోకి వెళ్తోంది, మేం వెళ్తున్న దారే. వేగాన్నీ కాలాన్నీ బట్టి వేసిన లెక్క ప్రకారం శాంతా బార్బరా చానల్‌లోకి తిరగాల్సిన చోటు వచ్చేసిందనుకుని, పొగమంచులో తూర్పుకి తిరిగారు. పాయింట్ ఆర్గెయోలోని రేడియో కేంద్రం, మీరింకా ఉత్తరానే ఉన్నారని తెలిపే దిశ ఇచ్చింది. అప్పటికి ఆ రేడియో పద్ధతి కొత్తది, దాన్ని నమ్మలేదు. ముందున్న ఓడ హోండా పాయింట్ రాళ్ళకి కొట్టుకుంది, వెనకే వస్తున్నవి కూడా. మొత్తం ఏడు డిస్ట్రాయర్లు పోయాయి, 23 మంది నావికులు చనిపోయారు. వాళ్ళేమీ తెలియనివాళ్ళు కాదు. లెక్క తమదీ, దానికి ఎదురుచెప్పే మాట బయటిదీ అయినప్పుడు లెక్క వైపు మొగ్గారు. మా చేతిలో జీపీఎస్ ఉంది కాబట్టి అలా తిరగబోం. కానీ మోరో బే ముందు పొద్దువాలుతున్న వేళ, హార్బర్ పెట్రోల్ వాళ్ళు ఆగమంటుంటే, షీట్లో "మజిలీ: మోరో బే" అని రాసుంటే, మేం సరైన వైపే మొగ్గుతామని నాకు ధైర్యం లేదు.

మిగతా రేవులు

హాఫ్ మూన్ బే గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పిల్లర్ పాయింట్ హార్బర్ బయటి రాళ్ళ తిప్పలు భయపెట్టేవే, పెద్ద అలల సర్ఫింగ్‌కి పేరుపడ్డ మేవరిక్స్ పక్కనే ఉంది. అయినా బోయ్‌ల దారి వదలకుండా వెళ్తే లోపలికి చేరొచ్చు. మొదటి రోజే కాబట్టి వెనక్కి తిరగడానికీ వీలుంది.

శాంతా క్రూజ్ కన్నా మాస్ ల్యాండింగ్ మేలని నేనంటే మావాడికి ఆశ్చర్యమేసింది. శాంతా క్రూజ్ అందమైన ఊరు, రేవు చక్కనిది. కానీ తీరం వెంట కొట్టుకొచ్చే ఇసుక చలికాలమంతా రేవు దారిని పూడుస్తుంది, అక్కడి వాళ్ళు సొంత డ్రెడ్జర్ పెట్టుకుని తవ్వుకుంటుంటారు. మాస్ ల్యాండింగ్ ముందు మాంటరే సముద్రగర్భ లోయ దాదాపు రేవు గుమ్మం దాకా వస్తుంది. అటు వచ్చిన ఇసుక ఆ లోయలోకి జారిపోతుంది, అందుకే దారి లోతుగా ఉంటుంది. చూడ్డానికి చేపల బోట్లు, పెద్ద పొగగొట్టాలు తప్ప ఏమీ లేని చోటు. అక్టోబరులో శాంతా క్రూజ్ మామూలుగా బాగానే ఉంటుంది కాబట్టి దీని మీద నేను పట్టుపట్టలేదు. నవంబరు చివరైతే పట్టుపట్టేవాణ్ణి. ఇక మాంటరేకి ఏ వేళైనా వెళ్ళొచ్చు, దాని మీద ఎవరికీ తగాదా లేదు.

శాన్ సిమియన్ దగ్గర మాత్రం మా మధ్య ఇంకా తెగలేదు. మాంటరే నుంచి 78 మైళ్ళు, 14 గంటలు. అక్టోబరులో పగలు పదకొండు గంటల పైచిలుకు. అంటే ఒక చివర చీకటి తప్పదు. వెళ్తే రాత్రి రెండింటికి మాంటరేలో బయలుదేరాలి. దీపాలు, బోయ్‌లు ఉన్న తెలిసిన రేవులోంచి చీకట్లో బయటపడడం వేరు, కెల్ప్ నాచు మేటలు పరుచుకుని ఉన్న అఖాతంలో చీకట్లో లంగరెయ్యడం వేరు. ఇంతవరకు ఇద్దరం ఒప్పుకున్నాం. నేనైతే శాన్ సిమియన్ కూడా వదిలేసి, మధ్యాహ్నం మాంటరేలో బయలుదేరి, బిగ్ సర్ తీరమంతా రాత్రి దాటి, మర్నాడు పొద్దున తొమ్మిది ప్రాంతాల పోర్ట్ శాన్ లూయిస్ చేరుదామంటున్నాను. 115 మైళ్ళ దాకా వస్తుంది. ఒకే రాత్రి సముద్రం మీద, ఒకే రేవు ప్రవేశం, అదీ పగటి వెలుగులో.

నిద్ర మాటేమిటి

దీనికి మావాడి భార్య వేసిన ప్రశ్నకి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. "అన్నయ్యా, రాత్రంతా మెలకువగా ఉండి, పగలు మీరు చెప్పే ఆ ఊగే చోట పడుకుని, మళ్ళీ ఆ రాత్రే కన్సెప్షన్‌కి బయలుదేరాలా? నిద్రలేని మనిషి చేతిలో చుక్కాని పెట్టడం మోరో బే కన్నా తక్కువ ప్రమాదమా?" అంది.

ఆవిడ మాట సబబే. నిద్ర చాలకపోతే లైట్లు చూసి రంగులు పొరబడతాం, తాడు ముడి సరిగ్గా వెయ్యం, ఎదురొచ్చే ఓడ దూరాన్ని తప్పు అంచనా వేస్తాం. రాత్రి ప్రయాణంలో పీతల బుట్టల బెడద కూడా ఉంది. వాటి తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే చీకట్లో చేసేది ఏమీ ఉండదు. ఇక్కడి డంజెనెస్ పీతల సీజన్ నవంబరులో గానీ మొదలవదు కాబట్టి అక్టోబరులో ఆ భయం తక్కువ, అదీగాక లోతు నీళ్ళలోకి జరిగి వెళ్తే ఇంకా తగ్గుతుంది. నిద్ర విషయం అలా తేలదు. మేం నలుగురం ఉన్నాం కాబట్టి ఇద్దరిద్దరుగా మూడేసి గంటల వంతులు వేసుకోవచ్చు, ప్రతి ఒక్కరికీ రాత్రిలో రెండు కునుకులైనా పడతాయి. భార్యాభర్తలిద్దరే వెళ్ళే పడవలు ఈ దారిలో చాలా ఉంటాయి. వాళ్ళకి నా సలహా పనికిరాదేమో. వాళ్ళు శాన్ సిమియన్‌లో ఆగడమే మంచిది. మోరో బే లోపల దొరికే గాఢమైన నిద్ర వాళ్ళకి నిజంగా అవసరమై ఉండొచ్చు.

ఆవిడకి నేను చెప్పింది ఒకటే. పోర్ట్ శాన్ లూయిస్‌కి ఒక్క పగలు కాదు, రెండు రాత్రులు కేటాయిద్దాం. మొదటి రాత్రి సరిగ్గా నిద్రపట్టదు, రెండో రాత్రికి ఒళ్ళు అలవాటు పడుతుంది. మూరింగ్ అద్దె, వాటర్ టాక్సీ ఖర్చు కలిపినా ఒక హోటల్ గది కన్నా ఎక్కువవ్వదు, కావాలంటే ఒక రాత్రి ఒడ్డున అవీలా బీచ్‌లో గది తీసుకుని పడుకోనూ వచ్చు. "అలా అయితే సరే, కానీ రోజులు పెరుగుతాయి" అంది. పెరుగుతాయి. ఆఫీసు సెలవుల లెక్క నాకూ ఉంది. ఆ రెండు రోజులు శాంతా క్రూజ్, కోహోల దగ్గర తగ్గించుకుందామని నా ప్రతిపాదన. కోహోలో ఆగేది కన్సెప్షన్ దాటిన వెంటనే గాలి చాటు కోసం. తెల్లవారేసరికి మూల దాటేస్తే ఆ చాటు అవసరం ఉండకపోవచ్చు, శాంతా బార్బరా ఇంకో 40 మైళ్ళే. అక్కడ ఒడ్డు దిగడానికి వీల్లేదు కూడా. 2017లో ఆ భూమిని ప్రకృతి పరిరక్షణ కోసం కొన్నారు, అంతకు ముందు కూడా ప్రైవేటు రాంచే.

నా మాట తిరగబడే రోజు

పోర్ట్ శాన్ లూయిస్ దక్షిణానికి తెరిచి ఉంటుందని పైన రాశాను. దాని అర్థం వివరంగా చెప్పకపోతే ఈ వాదన మొత్తం ఏకపక్షం అవుతుంది. అక్టోబరు చివర నుంచి ఈ తీరానికి మొదటి వాన తుఫాన్లు రావచ్చు. అవి వచ్చే ముందు గాలి ఆగ్నేయం నుంచో దక్షిణం నుంచో తిరుగుతుంది. అప్పుడు పోర్ట్ శాన్ లూయిస్‌లో చాటు ఉండదు. వచ్చే గాలి, వచ్చే అల నేరుగా అఖాతంలోకే వస్తాయి, వెనక ఒడ్డు ఉంటుంది. మూరింగ్ బాల్ గొలుసు ఎంత బలమైనదో మనకి తెలియదు. శాన్ సిమియన్‌కి కూడా ఇదే లోపం. అలాంటి సూచన కనపడితే ఆ రెండూ వెంటనే వదిలేయాలి, అప్పుడు మోరో బే లోపలే నిజమైన భద్రత.

కాబట్టి షీట్లో నేను చేర్చమన్న గడి ఇలా ఉంది. బయలుదేరే ముందు మాంటరేలో మూడు రోజుల సూచన చూడాలి. దక్షిణ గాలి కనపడితే మాంటరే వదలకూడదు, అక్కడే కూర్చోవాలి. ఇప్పటికే పోర్ట్ శాన్ లూయిస్‌లో ఉండగా కనపడితే, గాలి తిరగడానికి కనీసం ఒక రోజు ముందే లేచి, అలలు చిన్నవిగా ఉన్నాయని 46028, 46011 రెండు బోయ్‌ల దగ్గరా చూసుకుని, హార్బర్ పెట్రోల్‌తో మాట్లాడి, పగటి పోటు చివర్లో నీళ్ళు నిలకడగా ఉన్న గంటలో మోరో బే మొగ దాటాలి. ఆ గంట దొరక్కపోతే మోరో బే ఆలోచన వదిలి, గాలి మళ్ళకముందే కన్సెప్షన్ దాటి శాంతా బార్బరా బ్రేక్‌వాటర్ వెనక్కి చేరాలి. ఈ మూడింటిలో ఏది ఎప్పుడు అన్నది తీరం మీద ఉండగానే, నలుగురం బల్ల ముందు కూర్చుని, రాసి పెట్టుకోవాలి. మావాడు దీనికి ఒప్పుకున్నాడు. శాన్ సిమియన్ గడిని మాత్రం ఇంకా పసుపు రంగులోనే ఉంచాడు, వచ్చే ఆదివారం దాని మీద మళ్ళీ మాట్లాడుకోవాలి.